జనవరి 14 మాజీ సైనికుల దినం: ఎందుకు వచ్చింది, మనవాళ్ళు ఏం చూసుకోవాలి

ఈ సమాచారం ఎవరికి? భద్రాద్రి కొత్తగూడెం జిల్లా దమ్మపేట, అశ్వారావుపేట చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న మాజీ సైనికులకు, వారి భార్యలకు, భర్త చనిపోయిన వీర నారీమణులకు, వారి పిల్లలకు. మీ ఇంట్లో ఎవరూ మిలటరీలో చేయకపోయినా, మీ వీధిలో చేసిన పెద్దాయనో, ఆయన భార్యో ఉంటే ఈ పీడీఎఫ్ వాళ్ళ పిల్లల ఫోన్‌కు పంపండి. చదవలేని పెద్దవాళ్ళకు చదివి వినిపించండి.

ముందు ఒక సంగతి

నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో జనవరి 14న మాజీ సైనికులకు సన్మానం అని ఒక చిన్న సభ పెట్టాం. బల్ల మీద శాలువాలు, నా చేతిలో పేర్ల జాబితా. మైకులో పేర్లు చదువుతున్నది నేనే. నాలుగో పేరు పిలిస్తే ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచాను. వెనక వరుసలోంచి ఒక పెద్దావిడ లేచి నిలబడి, "ఆయన పోయి నాలుగేళ్ళాయె అయ్యా" అంది.

సభ అంతా గమ్మున అయిపోయింది. జాబితా పాతది. చదివే ముందు ఊళ్ళో ఎవరినైనా ఒక్క మాట అడగాల్సింది, నేను అడగలేదు. ఆ శాలువా ఆవిడకే కప్పాం, ఫొటో కూడా తీశాం. కానీ ఆవిడ శాలువా కోసం రాలేదు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో భర్త డిశ్చార్జ్ పుస్తకం, పింఛను కాగితం, రెండు ఆధార్ కార్డులు. భర్త పోయిన దగ్గర్నుంచి ఒక్క నెల కూడా ఫ్యామిలీ పింఛను రాలేదు. కారణం చిన్నదే. మిలటరీ రికార్డులో భార్య పేరు ఒకలా ఉంది, ఆధార్‌లో ఇంకోలా ఉంది. రికార్డులో ఉన్నది పెళ్ళైన కొత్తలో అత్తగారింట్లో పిలిచిన పేరు. ఆధార్‌లో ఉన్నది పుట్టింటివాళ్ళు పెట్టిన పేరు. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి అని కాగితం మీద చెప్పేవాళ్ళు లేక నాలుగేళ్ళు గడిచిపోయాయి.

ఈ దినం సంగతి రాయమని నాకు చెప్పినప్పుడు మొదట గుర్తొచ్చింది ఆవిడే. అందుకే జనవరి 14 కథతో పాటు ఆ కవరులో ఉండాల్సిన కాగితాల సంగతి కూడా ఇందులో రాస్తున్నాను.

జనవరి 14నే ఎందుకు?

మనకు ఆ రోజంటే భోగి, కొన్ని ఏళ్ళలో సంక్రాంతి. భోగి మంటలు, ముగ్గులు, ఊరికొచ్చిన అల్లుళ్ళు. అదే రోజు దేశమంతా సాయుధ దళాల మాజీ సైనికుల దినం జరుగుతుంది. దానికని వేరే సెలవు లేదు, పండుగ సెలవులోనే కలిసిపోతుంది. అందుకే మన దగ్గర దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోకపోవడం తప్పనను గానీ, ఆ తేదీ వెనక ఒక మనిషి ఉన్నాడు, ఆయన గురించి తెలుసుకోవాలి.

ఆయన ఫీల్డ్ మార్షల్ కె.ఎం. కరియప్ప. 1899 జనవరి 28న కర్ణాటకలోని కొడగులో పుట్టారు. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా మన సైన్యానికి పై అధికారి కొంతకాలం ఇంగ్లీషువాడే. 1949 జనవరి 15న ఆఖరి బ్రిటిష్ కమాండర్-ఇన్-చీఫ్ జనరల్ రాయ్ బుచర్ నుంచి కరియప్ప బాధ్యత తీసుకున్నారు. ఆ పదవిలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే. అందుకే ఏటా జనవరి 15 సైనిక దినం. నాలుగేళ్ళు పనిచేసి 1953 జనవరి 14న రిటైర్ అయ్యారు. ఆయన యూనిఫాం విప్పిన రోజునే 2016 నుంచి మాజీ సైనికుల దినంగా జరుపుతున్నారు. అంటే జనవరి 15 ఉద్యోగంలో ఉన్న సైన్యానిది, దానికి ముందు రోజు ఉద్యోగం అయిపోయినవాళ్ళది.

కరియప్పను ఈ దినానికి ఎంచుకోవడానికి మొదటి కమాండర్ అనే పేరొక్కటే చాలదని నా అభిప్రాయం. రిటైర్ అయ్యాక ఆయన మాజీ సైనికుల బాగోగుల మీద పనిచేశారు. 1964లో ఇండియన్ ఎక్స్ సర్వీసెస్ లీగ్ అనే సంఘం పెట్టారు. ఇంకో సంగతి చాలామంది పాత సైనికులు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1965 యుద్ధంలో ఆయన కొడుకు, వైమానిక దళ పైలట్, పాకిస్థాన్‌కు బందీగా చిక్కాడు. అప్పటి పాకిస్థాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ దేశం విడిపోకముందు కరియప్పతో కలిసి పనిచేసినవాడే. కావాలంటే అబ్బాయిని వదిలేస్తామని కబురు పంపాడు. కరియప్ప వద్దన్నారు. అక్కడ బందీలుగా ఉన్న జవాన్లందరూ తన పిల్లలే, వాళ్ళకు ఏ మర్యాద జరిగితే తన కొడుక్కూ అదే చాలు అన్నది ఆయన జవాబు సారాంశం. 1986లో ప్రభుత్వం ఆయనకు ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చింది. 1993లో కన్నుమూశారు.

పోయినవాళ్ళ రోజు, ఉన్నవాళ్ళ రోజు

ఇలాంటి ఒక రోజు మొదటి ప్రపంచ యుద్ధంతో వచ్చింది. 1918 నవంబర్ 11న, ఉదయం 11 గంటలకు తుపాకులు ఆగాయి. మరుసటి ఏడాది నుంచి ఇంగ్లండులో అదే గంటకు రెండు నిమిషాలు మౌనం పాటించడం మొదలైంది. అక్కడ అది యుద్ధంలో చనిపోయినవాళ్ళను తలుచుకునే రోజు. అమెరికాలో కూడా మొదట అదే తేదీని యుద్ధం ఆగిన రోజుగానే జరిపేవారు, 1938లో ప్రభుత్వ సెలవు చేశారు. 1954లో దాని పేరు మార్చి వెటరన్స్ డే అన్నారు, అంటే సైన్యంలో పనిచేసి వచ్చిన అందరి రోజు. ఆ పేరు మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గానీ దానితో చాలా మారింది. చనిపోయినవాళ్ళకు దండ వేస్తాం. బతికి ఇంటికి వచ్చినవాళ్ళకు వైద్యం కావాలి, పని కావాలి, పింఛను కావాలి.

ఆ యుద్ధం మనది కాదు అనుకోకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి 13 లక్షల మందికి పైగా పనిచేశారు, సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు. ఢిల్లీలో ఇండియా గేట్ కట్టింది వాళ్ళ కోసమే. రెండో ప్రపంచ యుద్ధంలో 25 లక్షల మంది. మనకు దగ్గర్లోనే, అశ్వారావుపేట దాటి జంగారెడ్డిగూడెం మీదుగా వెళ్తే పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం పక్కన మాధవరం అనే ఊరుంది. మిలటరీ మాధవరం అంటే ఎవరైనా చెప్తారు. తరతరాలుగా ఇంటికొకరు చొప్పున సైన్యంలోకి వెళ్ళిన ఊరది, ఊళ్ళోనే యుద్ధ స్మారకం ఉంది. మన వైపు అంత పేరున్న ఊరు లేదు. కానీ మద్రాస్ రెజిమెంట్‌లోనో, బెంగళూరు మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌లోనో, ఆర్టిలరీలోనో, సికింద్రాబాద్ ఈఎంఈలోనో చేసి వచ్చి ఇప్పుడు పామాయిల్ తోట చూసుకుంటున్న మనిషి మీకు ఒక్కరైనా తెలిసే ఉంటాడు.

మన దేశంలో పోయినవాళ్ళకు వేరే రోజులున్నాయి. జూలై 26 కార్గిల్ విజయ దినం, డిసెంబర్ 16న 1971 యుద్ధ విజయ దినం. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న జాతీయ యుద్ధ స్మారకం తెరిచారు, స్వాతంత్ర్యం తర్వాత అమరులైన 25 వేల మందికి పైగా జవాన్ల పేర్లు అక్కడి గోడల మీద చెక్కి ఉన్నాయి. గల్వాన్‌లో 2020 జూన్ 15న అమరుడైన మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారు మీ అందరికీ గుర్తే. జనవరి 14 మాత్రం బతికున్నవాళ్ళది. 1971లో ఇరవై ఏళ్ళ జవాను ఇప్పుడు 75 దాటాడు. ఆయన కాగితాలు ఆయన ఉండగానే సరిచేసుకోవాలి.

ఇక్కడ ఒక అయోమయం కూడా చెప్పాలి. ఆగస్టు 15న సన్మానం చేసేటప్పుడు స్వాతంత్ర్య సమరయోధులను, మాజీ సైనికులను ఒకే వరుసలో కూర్చోబెడతారు. చాలామంది రెండు పింఛన్లూ ఒకటే అనుకుంటారు. కాదు. సమరయోధుల పింఛను 1972 ఆగస్టు 15న మొదలైన వేరే పథకం. నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేసినవాళ్ళు అందులోకి వస్తారు. మాజీ సైనికుడి పింఛను రక్షణ శాఖది.

చొక్కాకు గుచ్చిన చిన్న జెండా

డిసెంబర్ 7న బడిలో పిల్లలకు ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండా ఇచ్చి డబ్బాలో చిల్లర వేయించుకుంటారు. మీరూ చిన్నప్పుడు వేసి ఉంటారు. మూడు రంగులు మూడు దళాలకు: సైన్యం, నౌకాదళం, వైమానిక దళం. 1949 ఆగస్టు 28న రక్షణ మంత్రి కింద ఏర్పడిన కమిటీ ఈ పద్ధతి పెట్టింది, అదే ఏడాది డిసెంబర్ 7 నుంచి నడుస్తోంది. ఆ డబ్బాలో పడిన రూపాయి ఎక్కడికి పోతుందని మా అమ్మాయి అడిగితే నాకు వెంటనే జవాబు రాలేదు. తర్వాత చూసుకుంటే అది సాయుధ దళాల పతాక దినోత్సవ నిధికి వెళ్తుంది. ఆ నిధిలో భాగంగానే రక్షా మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నడుస్తుంది. కింద చెప్పబోయే సాయం దీనిలోంచే వస్తుంది. కాబట్టి ఇది దానం అడుక్కోవడం అని మొహమాటపడకండి. మీ పేరు మీద ఊరూరా పోగుచేసిన సొమ్మే ఇది.

పింఛను లేని మాజీ సైనికుడికి ఏముంది?

జవానుకు సాధారణంగా 15 ఏళ్ళు సర్వీసు ఉంటేనే పింఛను. 1962 యుద్ధం తర్వాత పెద్ద సంఖ్యలో తీసుకుని, తర్వాత ఇంటికి పంపినవాళ్ళలో చాలామందికి పింఛను రాలేదు. అలాంటివాళ్ళు మన ఊళ్ళలో కూడా ఉన్నారు. ఏళ్ళ తరబడి "నాకేం రాదులే" అని వదిలేశారు. రాదని మీరే తీర్మానించేసుకోకండి.

65 ఏళ్ళు దాటి, ఏ పింఛనూ, క్రమమైన ఆదాయమూ లేని మాజీ సైనికుడికి, లేదా ఆయన పోయాక భార్యకు, ఆదరువు సాయం ఉంది. ఆఫీసుల్లో దీన్ని పెన్యూరీ గ్రాంట్ అంటారు. నెలకు 4,000 రూపాయలు ఉండేది. 2025 అక్టోబర్‌లో కేంద్రం దాన్ని 8,000కు పెంచింది. హవల్దార్, అంతకన్నా కింది హోదాలో చేసినవాళ్ళకు వర్తిస్తుంది. పెంచిన మొత్తం 2025 నవంబర్ 1 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకు.

అదే నిర్ణయంలో ఇంకో రెండు సాయాలు కూడా రెట్టింపయ్యాయి. పిల్లల చదువుకు ఒక్కొక్కరికి నెలకు 1,000 నుంచి 2,000 రూపాయలు, ఇద్దరు పిల్లల వరకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా. భర్త పోయిన మహిళ తానే రెండేళ్ళ పీజీ చదువుకుంటే ఆమెకూ ఇస్తారు. ఆడపిల్ల పెళ్ళికి 50,000 నుంచి లక్ష రూపాయలు, ఇద్దరు అమ్మాయిల వరకు. వీర నారీమణి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆమెకూ ఇదే సాయం. పెళ్ళి సాయం విషయంలో రెండు మాటలు గుర్తుంచుకోండి: పెంచిన మొత్తం ఆ ఉత్తర్వు తర్వాత జరిగిన పెళ్ళిళ్ళకే. దరఖాస్తు పెళ్ళైన 180 రోజుల్లో పడాలి. పెళ్ళి హడావిడిలో ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి. పెళ్ళి సర్టిఫికెట్, కార్డు, ఫొటో అప్పుడే ఒక కవరులో పెట్టుకోండి.

ఇంటర్‌లో 60 శాతం దాటి ఇంజినీరింగ్, మెడిసిన్ లాంటి వృత్తి కోర్సులో చేరిన పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది. అమ్మాయికి నెలకు 3,000, అబ్బాయికి 2,500. ఆఫీసర్ల పిల్లలకు కాదు, అంతకన్నా కింది హోదాల్లో చేసినవాళ్ళ పిల్లలకు. మొదటి ఏడాది చేరగానే పెట్టుకోవాలి. రెండో ఏడాదిలో గుర్తొచ్చి వచ్చేవాళ్ళే ఎక్కువ, అప్పటికి సమయం దాటిపోయి ఉంటుంది.

ఉద్యోగాల మాట క్లుప్తంగా: కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాల్లో మాజీ సైనికులకు 10 శాతం, ప్రభుత్వ బ్యాంకుల గ్రూప్ సిలో పద్నాలుగున్నర శాతం కేటాయింపు ఉంది. వయసులో సర్వీసు చేసినన్ని ఏళ్ళూ, పైగా మూడేళ్ళూ సడలింపు వస్తుంది. పింఛనుదారులకు వైద్యం ఈసీహెచ్‌ఎస్ కార్డు మీద. ఇది 2003 ఏప్రిల్ 1 నుంచి ఉంది.

పింఛను ఉన్నవాళ్ళు చూసుకోవాల్సింది

ఇప్పుడు రక్షణ పింఛన్లన్నీ స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి వచ్చాయి. ఏడాదికోసారి బతికి ఉన్నట్టు సర్టిఫికెట్ వేయించుకోవాలి. మీసేవలోనో, కామన్ సర్వీస్ సెంటర్‌లోనో వేలిముద్ర వేస్తే అయిపోతుంది. వేలిముద్ర పడకపోతే కంటిపాపతో చేస్తారు, అడగండి. అది వేయకపోతే పింఛను ఆగుతుంది. ఆగిన పింఛను గురించి "మీ ఓటీపీ చెప్పండి, ఇప్పుడే వేయిస్తాం" అని ఎవడైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. ఏ ఆఫీసూ ఫోన్లో ఓటీపీ అడగదు.

అసలు ముఖ్యమైనది భార్య పేరు. జవాను పెళ్ళి చేసుకున్నప్పుడు యూనిట్‌లో చెప్తే ఆ వివరం రికార్డు ఆఫీసులో ఎక్కుతుంది. చాలామంది చెప్పారు, కానీ రాసుకున్న గుమాస్తా మన భాష మనిషి కాదు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్ళు వెనక రాస్తారు. ఒక్కోచోట ఇంటిపేరే మనిషి పేరైపోయింది. ఒక్కోచోట అమ్మ అనే మాట ఎగిరిపోయింది. పుట్టిన తేదీ కూడా అంతే: ఆధార్‌లో చాలామంది పెద్దవాళ్ళకు జనవరి 1 అని వేసేశారు.

ఆయన బతికుండగా ఇది సరిచేసుకోవడం తేలిక. సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డు ఆఫీసుకు దరఖాస్తు పెట్టి, ఇద్దరి ఫొటోతో భార్య పేరు పింఛను కాగితంలో రాయించుకుంటే చాలు. ఆయన పోయాక అదే పనికి మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, పెళ్ళి రుజువు, రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ కావాలి. ఇవన్నీ రికార్డు ఆఫీసుకు పోయి, అక్కడి నుంచి ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పింఛన్ల ఆఫీసుకు పోయి తిరిగి రావాలి. రికార్డు ఆఫీసు రెజిమెంట్‌ను బట్టి ఉంటుంది: ఆర్టిలరీకి నాసిక్, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, ఇంజినీర్ గ్రూప్‌కు బెంగళూరు, ఈఎంఈకి సికింద్రాబాద్. డిశ్చార్జ్ పుస్తకం మొదటి పేజీలో ఆ పేరు ఉంటుంది, చూసుకోండి.

ఫ్యామిలీ పింఛను ఎంత? ఆయన చివరి జీతం లెక్కలో 30 శాతం. నెలకు 9,000 రూపాయలకు తగ్గదు, దాని మీద కరువు భత్యం కలుస్తుంది. రిటైర్ అయ్యాక పోయినవాళ్ళ విషయంలో మొదటి ఏడేళ్ళు, లేదా ఆయనకు 67 ఏళ్ళు నిండే రోజు దాకా, ఏది ముందైతే అంతవరకు 50 శాతం వస్తుంది. అంటే మన పెద్దావిడకు నాలుగేళ్ళ ఆలస్యంలో ఎన్ని లక్షలు చేతికి రాకుండా ఆగాయో లెక్క వేసుకోండి.

ఆవిడ పని చివరికి అయ్యింది. అఫిడవిట్ రాయించి, ఊళ్ళో ఇద్దరు పెద్దవాళ్ళతో సాక్ష్యం పెట్టించి, మూడుసార్లు తిరిగొచ్చిన ఫైలును నాలుగోసారి పంపితే ఎనిమిది నెలలకు పింఛను మొదలైంది. బకాయిలు కూడా వచ్చాయి. ఆ డబ్బుతో ఏం చేస్తావమ్మా అంటే, ముందు అప్పు తీరుస్తానంది. ఆ నాలుగేళ్ళూ మందులకు, మనవడి ఫీజుకు చేసిన అప్పు అది.

ఎవరు మాజీ సైనికుడు, ఎవరు కాదు

ఈ ప్రశ్న మన జిల్లాలోనే ఎక్కువ వస్తుంది. భద్రాచలం, చర్ల వైపు సీఆర్‌పీఎఫ్ క్యాంపులు మీకు తెలిసినవే. మన యువకులు కూడా చాలామంది సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్‌లో చేసి రిటైర్ అయ్యారు. వాళ్ళు చేసింది తక్కువ సేవ కాదు, కానీ ఆ దళాలు హోం శాఖ కిందివి. వాళ్ళకు 2012లో కేంద్రం మాజీ కేంద్ర సాయుధ పోలీసు సిబ్బంది అనే వేరే గుర్తింపు ఇచ్చింది. వాళ్ళ పిల్లలకు కూడా ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది, కానీ అది వాళ్ళ సంక్షేమ, పునరావాస బోర్డు ద్వారా వస్తుంది. సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే పని కాదు. వాళ్ళను తలుచుకునే రోజు కూడా వేరు: అక్టోబర్ 21, పోలీసు అమరుల దినం. 1959లో ఆ రోజు లద్దాఖ్ హాట్ స్ప్రింగ్స్ దగ్గర పదిమంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చైనా కాల్పుల్లో చనిపోయారు.

సైన్యంలో చేసినా, పింఛను రాకముందే సొంతంగా కావాలని బయటికొచ్చినవాళ్ళకు 1987 జూలై 1 తర్వాత సాధారణంగా మాజీ సైనికుడి హోదా లేదు. ఆరోగ్యం బాగోలేక, మెడికల్ బోర్డు నిర్ణయంతో పింఛనిచ్చి పంపినవాళ్ళకు ఉంది. అగ్నివీర్‌గా చేరిన పిల్లలున్న తల్లిదండ్రులు అడుగుతున్నారు: నాలుగేళ్ళు చేసి బయటికొచ్చే అగ్నివీర్లకు ఈ హోదా, ఈసీహెచ్‌ఎస్ వైద్యం రావు. వాళ్ళకు సేవా నిధి కింద ఒకేసారి మొత్తం ఇస్తారు. రెండూ కలిపి ఆశ పెట్టుకోకండి.

భూమి గురించి. మాజీ సైనికుడికి ప్రభుత్వం భూమి ఇస్తుందన్న మాట విని చాలామంది తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరుగుతారు. మన ఏజెన్సీ గ్రామాల్లో 1970లో వచ్చిన భూ బదలాయింపు చట్టం, అదే మనం 1/70 అనేది, అమల్లో ఉంది. గిరిజనేతరులకు భూమి పోవడానికి వీల్లేదు. ప్రభుత్వ భూమికి కూడా ఇదే వర్తిస్తుందని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి గిరిజనేతర మాజీ సైనికుడికి ఏజెన్సీలో భూమి ఇప్పిస్తానని డబ్బు అడిగే మధ్యవర్తి మాట నమ్మకండి. కోయ, ఇతర గిరిజన మాజీ సైనికులకు ఈ అడ్డు లేదు.

ఎక్కడికి, ఏం పట్టుకుని వెళ్ళాలి

మనకు సంబంధించిన సైనిక సంక్షేమ కార్యాలయం ఖమ్మంలో ఉంది. దమ్మపేట నుంచి సత్తుపల్లి మీదుగా పోయి రావడానికి ఒక రోజు కూలి పోతుంది, అందుకే ఒక్కసారికే పని అయ్యేలా వెళ్ళండి. మొదటి పని అక్కడ పేరు నమోదు చేయించుకుని మాజీ సైనికుడి గుర్తింపు కార్డు తీసుకోవడం. భర్త పోయినవాళ్ళకు వాళ్ళ పేరు మీద వేరే కార్డు ఇస్తారు. ఆ కార్డు లేకపోతే పైన చెప్పిన సాయాల్లో చాలావాటికి దరఖాస్తే ముందుకు కదలదు. రెండో ప్రపంచ యుద్ధంలో చేసిన పెద్దవాళ్ళు గానీ, వాళ్ళ భార్యలు గానీ ఎక్కడైనా ఉంటే వాళ్ళకు రాష్ట్రం నుంచి నెలనెలా వేరే సాయం ఉంది, అది కూడా ఇక్కడే.

పట్టుకెళ్ళాల్సినవి: డిశ్చార్జ్ పుస్తకం, పింఛను ఉంటే పింఛను ఉత్తర్వు కాగితం, భార్యాభర్తల ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు. డిశ్చార్జ్ పుస్తకం పోయిందా? ముందు పోలీసు స్టేషన్‌లో పోయినట్టు కాగితం తీసుకోండి, దాన్నిబట్టి రికార్డు ఆఫీసుకు రాయిస్తారు. ఆర్మీ నంబరు గుర్తుంటే పని సగం అయినట్టే. నంబరు పాత ఉత్తరాల కవర్ల మీద, పాత మెడికల్ కార్డుల మీద కూడా దొరుకుతుంది, వెతకండి.

ఇంట్లో కూర్చుని ఇవాళే చేయదగిన పని ఒకటుంది. డిశ్చార్జ్ పుస్తకంలో భార్య, పిల్లల పేర్లు ఉన్న పేజీ తీసి, ఆధార్‌లు పక్కన పెట్టి, ఒక్కో అక్షరం సరిచూడండి. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి చదువుకున్న మనవడినో మనవరాలినో కూర్చోబెట్టుకోండి. తేడా కనిపిస్తే ఎర్ర పెన్నుతో పుస్తకం మీద గీయకండి, వేరే కాగితం మీద రాసుకోండి.

ఖమ్మం వెళ్ళలేని పెద్దవాళ్ళ తరఫున కుటుంబంలో ఎవరైనా సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వొచ్చు, అది సైనిక సంక్షేమ అధికారికి పంపుతారు. అర్జీ మీద ఆర్మీ నంబరు, రెజిమెంట్, ఫోన్ నంబరు తప్పక రాయండి. డిశ్చార్జ్ పుస్తకం అసలుది మాత్రం ఎవరికీ, ఏ ఆఫీసులోనూ వదిలి రాకండి. చూపించి, జిరాక్స్ ఇచ్చి, రశీదు తీసుకుని రండి.